దొరసానికి నీళ్ళు మార్చే మెషిను

శ్రీపతి గారు ఏ పనీ తన చేత్తో చేసేవారు కాదు. ఇది బద్ధకం అనుకుంటే పొరపాటు. అయిదు నిమిషాల పని దానంతట అదే జరిగేలా చెయ్యడానికి ఆయన మూడు నెలలు తిండి మానేసి కష్టపడేవారు. ఆ మూడు నెలలూ ఆ పని అలాగే పడి ఉండేది. ఎవరైనా చూడలేక చెయ్యబోతే రెండు చేతులూ అడ్డం పెట్టి, "ముట్టకు. దానంతట అదే అయితది" అనేవారు.

అశోక్‌నగర్‌లో ఆయన ఇంటి మేడమీద గదిలో నేను చాలా ఏళ్ళు కిరాయికి ఉన్నాను. ఆ మాట విన్నన్నిసార్లు నా పేరు కూడా విని ఉండను.

ఆయన టెలిఫోన్ శాఖలో పనిచేశారు. పాతకాలపు ఎక్స్చేంజీల్లో ఒక తీగలోకి కరెంటు వస్తే ఇంకెక్కడో రెండు తీగలు టక్కుమని కలుసుకుంటాయి. ఆ టక్కుటక్కుల మధ్య ఉద్యోగమంతా గడిపిన మనిషి. లోకం కూడా అలాగే నడవాలని ఆయన నమ్మకం. మనుషులు ఒకరినొకరు పిలవడం, అడగడం, బతిమాలడం, ఓదార్చడం, ఇవన్నీ ఆయన దృష్టిలో సరైన వైరింగు లేకపోవడం వల్ల వచ్చిన ఇబ్బందులు.

వాళ్ళ గేటు దానంతట అదే మూసుకునేది. దానికొక కప్పీ, తాడు, తాడు చివర వేలాడే రెండు ఇటుకలు. గ్యాస్ సిలిండర్ భుజాన పెట్టుకొచ్చిన మనిషిని ఒకసారి ఆ గేటు వెనక నుంచి తోస్తే, అతను వరండా దాటి, చెప్పులతో సహా హాల్లోకి వచ్చి ఆగాడు. అతను వెనక్కి తిరిగి చూస్తుంటే శ్రీపతి గారు తృప్తిగా తలూపారు.

"చూసినవా, ఇంట్ల దాక డెలివరీ."

ఆ తర్వాత పాల గంట. గిన్నె అంచున ఒక రేకు ముక్క ఉంటుంది, పాలు పొంగి దాన్ని తాకగానే గంట మోగుతుంది. పాలు పొంగేవి, తాకేవి, గంట మోగేది. వంటగదిలోకి పరుగెత్తి వెళ్ళేసరికి గిన్నెలో సగం పాలు, స్టవ్ మీద సగం పాలు.

"గంట మోగింది గద," అన్నారు శ్రీపతి గారు.

"పాలు పోయినంక మోగింది," అన్నారు ఆయన భార్య సులోచనమ్మ గారు.

"మోగుడు దాని పని. దింపుడు నీ పని."

"పాలు పోయినయని చెప్పనీకి గంటెందుకు? నాకు ముక్కు లేదా?"

ఆమె తక్కువ మాట్లాడేవారు. ఆ తక్కువలో ఒక్క మాట కూడా వృథా పోయేది కాదు.

రిటైరైన నెలలో శ్రీపతి గారు కూరగాయలకని చిక్కడపల్లి మార్కెట్‌కు వెళ్ళారు. తిరిగి వచ్చినప్పుడు వెనకాల నలుగురు మనుషులు ఆరడుగుల గాజు తొట్టి మోసుకొచ్చారు. అది తలుపులోంచి పట్టలేదు. కిటికీ ఊచలు తీయించి, హాల్లో ఒక ఎత్తు బల్ల మీదికి దింపారు. ఆ రోజు ఇంట్లో కూర లేదు.

తొట్టిలో రకరకాల చేపలు వేశారుగాని, చివరకు మిగిలింది ఒకటే. ఆస్కార్ అంటారు ఆ జాతిని. నల్లటి ఒంటిమీద నిప్పురవ్వల్లాంటి మచ్చలు, అరచెయ్యికంటే పెద్దది. మిగతా చేపలు ఏమయ్యాయని ఎవరూ అడగలేదు. దాని పొట్ట చూస్తే తెలిసేది. కొత్తవాళ్ళు వస్తే అద్దం దగ్గరకు వచ్చి, ఎగాదిగా చూసి, వెనక్కి తిరిగి పోయేది. కోపం వస్తే అడుగున ఒక పక్కకు ఒరిగి పడుకుని ఎవరు పిలిచినా పలికేది కాదు. దానికి దొరసాని అని పేరు పెట్టింది ఆ ఇంట్లో పనిచేసే మాసమ్మ.

"సచ్చినట్లు పండుకున్నది చూడుండ్రి. పని చెప్తె గిట్లనే పండుకుంటది మా దొరసాని గుడ," అంది మాసమ్మ. ఆమె ఊళ్ళో దొరసాని నిజంగానే ఒకావిడ ఉండేదట.

దొరసాని బాగా తినేది. బాగా తినేవాళ్ళ నీళ్ళు త్వరగా చెడిపోతాయి. కాబట్టి రోజూ తొట్టిలో పావు వంతు నీళ్ళు తోడి పారబోసి, కొత్త నీళ్ళు పొయ్యాలి. నల్లా నీళ్ళు నేరుగా పోస్తే అందులో కలిపే మందుకు చేప చచ్చిపోతుంది. డ్రమ్ములో ఒక రోజు నిలవ ఉంచి, ఆ వాసన పోయాక పొయ్యాలి. మొదట ఆ బకెట్ల పని మాసమ్మ మీద పడింది.

"సారు, మనుషులకే నల్లా దినం తప్పి దినం వస్తున్నది. మా బస్తిల బిందెకొక కొట్లాట. గీ చాపకు రోజు స్నానమా?"

"నువ్వేం పొయ్యకు మాసమ్మా. బకెట్టు కింద పెట్టు."

"పెట్టిన."

"ముట్టకు ఇగ. దానంతట అదే అయితది."

మాసమ్మ బకెట్టు కింద పెట్టి హాయిగా తాంబూలం వేసుకుంది. దొరసాని ఒక పక్కకు పడుకుంది.

అలా మొదలైంది నీళ్ళు మార్చే మెషిను. కోఠి గల్లీల నుంచి, జుమ్మేరాత్ బజారు నుంచి సామాను రాసాగింది. పాత వాషింగ్ మెషిన్‌లోని టైమరు, కూలర్ పంపు, ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించే గొట్టం, బాత్రూము ఫ్లష్‌లో తేలే బంతి. టైమరు తిరిగితే పాత నీళ్ళు పైపులోంచి పెరట్లో జామచెట్టుకు పోవాలి. తగినంత పోయాక బంతి దిగి ఆ పైపును మూయాలి. అప్పుడు పెరట్లో దిమ్మె మీదున్న డ్రమ్ములోంచి కొత్త నీళ్ళు రావాలి. తొట్టి నిండగానే బంతి లేచి వాటిని ఆపాలి. కాగితం మీద ఇందులో లోపం లేదు. "ఇంకొక్కటే తక్కువుంది," అనేవారు శ్రీపతి గారు ప్రతి వారం. ప్రతి వారం ఆ ఒక్కటి వేరే వస్తువుగా ఉండేది.

అది మొదటిసారి పూర్తిగా పనిచేసింది ఒక శనివారం మధ్యాహ్నం. ఆ సమయంలో హాల్లో సులోచనమ్మ గారి భజన మండలి కూర్చుని ఉంది. జంపఖానా పరిచి, మధ్యలో దీపం పెట్టి, పదిహేను మంది ఆడవాళ్ళు. తొట్టిలో బంతికి నాచు చుట్టుకుని అది లేవలేదు. తొట్టి నిండింది, నీళ్ళు అంచు దాటి చప్పుడు లేకుండా జంపఖానా కిందికి పారాయి. కింద తడిసినట్టు ప్రతి ఒక్కరికీ తెలిసింది. కాని ప్రతి ఒక్కరూ తన గ్లాసే ఒలికిందేమోనని అనుమానపడి, కొంగు సర్దుకుని, ఇంకాస్త గట్టిగా పాడారు. ఆ రోజు భజన ఎన్నడూ లేనంత ఊపు మీద ఉందని వీధిలో అనుకున్నారు. మండలి పెద్ద బాలత్రిపురసుందరి గారు కళ్ళు మూసుకుని పాడుతూ, చరణం మరిచి పాటల పుస్తకం కోసం తడిమితే, అది అక్కడ లేదు. తేలుతూ నాలుగో ఆవిడ దగ్గరకు పోయింది.

అప్పుడు శ్రీపతి గారు చేతులు చాపి లోపలికి వచ్చారు.

"ఎవ్వరు లేవకుండ్రి. ఏం ముట్టకుండ్రి. దానంతట అదే ఆగుతది."

ఆగింది, డ్రమ్ము ఖాళీ అయ్యాక.

ఆ తర్వాతి వారం నుంచి భజన బాలత్రిపురసుందరి గారింటికి మారింది. "నీళ్ళు మార్చుమంటె భజన మార్చిండ్రు," అన్నారు సులోచనమ్మ గారు. శ్రీపతి గారు దాన్ని సాంకేతిక సమస్యగా తీసుకుని, బంతి చుట్టూ జాలీ కట్టారు.

ఆ ఏడాది వానాకాలంలో అంబిక పోయింది. అంబిక నా భార్య. ఆసుపత్రి సంగతులు ఇక్కడ రాయను. ఇది శ్రీపతి గారి గురించి.

అప్పుడు నేను నారాయణగూడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. వెళ్ళడం మానేశాను. మధ్యాహ్నం దాకా పడుకునేవాణ్ణి. లేచి, ఇంకో వైపుకు తిరిగి పడుకోవడానికి మంచం సరిచేసేవాణ్ణి. ఓదార్చేవాళ్ళు వచ్చేవారు. ధైర్యంగా ఉండమని, కాలమే మాన్పుతుందని చెప్పి, గేటు తగలకుండా జాగ్రత్తగా వెళ్ళిపోయేవారు. ఒక రోజు ప్రెస్సు ఫోర్‌మన్ ఈదయ్య వచ్చాడు.

"రాఘవేందరన్నా, సేటు ఒకటో తారీకు దాక చూస్తడట. మల్ల వేరేటోన్ని పెట్టుకుంటడట."

"పెట్టుకోనీ."

"నువ్వు లేక ఆగమాగమున్నది. మొన్న ఒక పెండ్లి కార్డు పెండ్లికొడుకు పేరు లేకుండ అచ్చయింది."

"వాళ్ళు చూసుకోలేదా?"

"చూసుకోలె. కార్డులన్ని పంచినంక ఆ పిలగాడే చూసిండట."

నాకు నవ్వు రాలేదు. రాలేదని గమనించాను. ఈదయ్య వెళ్ళాక నిర్ణయం చేసుకున్నాను. ఉద్యోగం వదిలి, గది ఖాళీ చేసి, మహబూబ్‌నగర్ దగ్గర మా అన్న ఇంటికి పోతాను. అక్కడ ఏం చేస్తానంటే, ఏమీ చెయ్యను. అదే చెప్పడానికి కిందికి దిగాను.

శ్రీపతి గారు తొట్టి కింద వెల్లకిలా పడుకుని ఉన్నారు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళతో చెప్పాను.

"ఎప్పుడు?" అన్నాయి కాళ్ళు.

"ఒకటో తారీకు సార్."

"పోతె పో. గని ఈ నెల ఒక్కటి ఆగు. మెషిన్ల ఇంకొక్కటే తక్కువుంది."

ఏడవకు అనలేదు. అంబిక పేరు ఎత్తలేదు. తొట్టి కింద నుంచి ఒక చెయ్యి బయటకు వచ్చి, పట్టుకొమ్మని నాకు స్క్రూడ్రైవరు ఇచ్చింది. పట్టుకున్నాను.

మర్నాడు మేడమీదికి ఒక డ్రమ్ము ఎక్కింది. నా గది ముందు, డాబా మీద, ఎండ పడే చోట దాన్ని నిలబెట్టారు. భుజాన చుట్టలు చుట్టలుగా వైరు వేసుకుని శ్రీపతి గారే వచ్చి, డ్రమ్ము పక్క గోడకు ఒక స్విచ్చి బిగించారు.

"ఇగ చూడు. కొత్త నీళ్ళు ఇప్పటి సంది గీ డ్రమ్ములకెల్లి పోతయి. మందు వాసన పోయిందా లేదా అన్నది మెషినుకు ఎట్ల తెలుస్తది? దానికి ముక్కు లేదు. పొద్దుగాల పాలాయన వచ్చే యాళ్ళకు నువ్వు లేసి, మూత తీసి, వాసన చూడు. మంచిగుంటె స్విచ్చి ఒత్తు. గంతే."

"అది కూడా దానంతట అదే అయ్యేటట్టు లేదా సార్?"

"ఉంటది. బొంబాయిల ముక్కు దొరుకుతది. రాసిన. వచ్చేదాక నువ్వు."

"స్విచ్చి లోపల, మంచం పక్కన పెట్టొచ్చు గదా."

"వైరు సాల్తలేదు," అన్నారు ఆయన, భుజం మీది చుట్టలు సర్దుకుంటూ.

"నేను ఒత్తకపోతే?"

"దొరసాని సస్తది," అని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

నాకు చచ్చిపోవడం గురించి అప్పట్లో వినాలని లేదు. చేపదైనా సరే. మర్నాడు పాలవాడి సైకిలు గంట వినగానే లేచాను. మూత తీశాను, ముక్కు పెట్టాను. నీళ్ళలో ఆకాశం ఉంది, మందు వాసన లేదు. స్విచ్చి నొక్కాను. కిందికి పోదామా, మళ్ళీ పడుకుందామా అని ఆలోచిస్తుంటే, పిట్టగోడ అవతల మోటారు మూలిగింది. తాడు కట్టిన ఒక బుట్ట ఊగుతూ పైకి వచ్చింది. అందులో చాయ్ గ్లాసు ఉంది. గ్లాసులో సగం చాయ్, బుట్టలో సగం చాయ్.

పిట్టగోడ మీద నుంచి వంగి చూశాను. శ్రీపతి గారు మోటారు దగ్గర నిలబడి ఉన్నారు.

"చాయ్ లిఫ్టు," అన్నారు. "ఎట్లున్నది?"

"సగం ఒలికింది సార్."

ఆయన ఆలోచించారు. వారం తర్వాత లోపాన్ని సవరించారు. గ్లాసు పెద్దది వచ్చింది. అందులో కూడా సగమే మిగిలేది, కాని ఆ సగం ఒక గ్లాసంత ఉండేది.

మాసమ్మకు ఇదంతా నచ్చలేదు. "మనిషి చెయ్యొద్దని మెషిను పెట్టిరి. మెషినుకు ముక్కు లేదని మనిషిని పెట్టిరి. ఒక్క చాపకు గింత నౌకర్లా?" అంది. ఒక రోజు ఆమె బట్టలు ఉతకడానికి పొద్దున్నే డాబా మీదికి వచ్చింది. నాకు జ్వరంగా ఉండి, నువ్వే వాసన చూసి నొక్కు అన్నాను. ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని, డ్రమ్ములోకి వంగి, బెండకాయలు ఏరినంత శ్రద్ధగా వాసన చూసి, నొక్కింది. కాసేపటికి బుట్ట పైకి వచ్చింది. మాసమ్మ చాయ్ తాగేసి, గ్లాసు బోర్లించి, నా వైపు చూసింది.

"సారు, గిది నీళ్ళ స్విచ్చి కాదు. చాయ్ స్విచ్చి."

"నీళ్ళకూ అదే మాసమ్మా."

"ఏమో. నాకైతె చాయొచ్చింది. నీళ్ళు సూడలె," అంది.

జ్వరంలో ఉన్నాను కాబట్టి ఆ మాట పట్టించుకోలేదు.

పొద్దున్నే లేవడంలో ఒక చిక్కు ఉంది. మధ్యాహ్నం దాకా బోలెడు సమయం మిగులుతుంది. స్విచ్చి నొక్కి, చాయ్ తాగి, ఏం చెయ్యాలో తెలియక చిక్కడపల్లి దాకా నడిచేవాణ్ణి. ఒక రోజు ఆ కాళ్ళే నారాయణగూడ వైపు తిరిగాయి. ప్రెస్సులో ఈదయ్య ఏమీ అడగలేదు. ఒక పెండ్లి కార్డు ప్రూఫు నా ముందు పెట్టాడు.

"పెండ్లికొడుకు ఉన్నడా చూడన్నా," అన్నాడు.

ఉన్నాడు. పెళ్ళికూతురి ఇంటిపేరు లేదు. ఈసారి నవ్వు వచ్చింది.

నెలాఖరు వస్తే శ్రీపతి గారి దగ్గరకు వెళ్ళి అడిగేవాణ్ణి. "ముక్కు వచ్చిందా సార్?"

"ఇంక రాలె. ఈ నెల ఒక్కటి ఆగు."

అలా నెల తర్వాత నెల ఆగాను. మా అన్న రెండుసార్లు కబురు పెట్టాడు. ఇక్కడ ఒక చేప నా మీద ఆధారపడి ఉందని చెప్పలేక, ప్రెస్సులో పని ఉందని చెప్పాను. కొన్నాళ్ళకు అది కూడా నిజమైంది. దొరసాని నన్ను గుర్తుపట్టడం మొదలుపెట్టింది. నేను హాల్లోకి వస్తే అద్దం దగ్గరకు వచ్చి, ఎగాదిగా చూసి, వెనక్కి తిరగకుండా ఉండేది. ప్రాణం పోసేవాడినన్న కృతజ్ఞత అనుకున్నాను. ఆ ఏడు జామచెట్టు కూడా విపరీతంగా కాసింది. చేప నీళ్ళ కాయలని భజన మండలి వాళ్ళు తినలేదు. మాసమ్మ బస్తీ మొత్తం తిన్నది.

ఏడాది తిరిగింది. అంబిక సంవత్సరీకానికి మా ఊరు బయలుదేరాను. మూడు రోజుల పని. సంచి సర్దుకుని చీకటితోనే బస్సెక్కాను. జడ్చర్ల దాటాక కిటికీలోంచి ఎవరిదో పాల సైకిలు కనపడింది. సీట్లోంచి లేచి నిలబడ్డాను. స్విచ్చి సంగతి ఎవరికీ చెప్పలేదు. మాసమ్మకు చెప్పలేదు, ఈదయ్యకు చెప్పలేదు. ఏడాది కాపాడిన ప్రాణాన్ని, అంబిక తద్దినం రోజున, నా చేతులారా చంపుతున్నాను.

దిగగానే ఎస్టీడీ బూతుకు పరుగెత్తాను. శ్రీపతి గారే ఎత్తారు.

"సార్, నేను రాఘవేందర్‌ను. ఘోరమైపోయింది. స్విచ్చి ఒత్తలేదు."

"ఏ స్విచ్చి?"

నేను రిసీవరు వైపు చూశాను. ఎక్స్చేంజీలో ఎక్కడో టక్కుమని ఒక చప్పుడైంది.

"ఆఁ, గా స్విచ్చా," అన్నారు శ్రీపతి గారు. "ఫికర్ చెయ్యకు. నువ్వు నీ పని చూసుకోని మంచిగ రా."

"మరి నీళ్ళు?"

ఆయనకు ఇంకేమీ తోచలేదు కాబోలు. "దానంతట అదే అయితది," అని పెట్టేశారు.

తిరిగి వచ్చింది మధ్యాహ్నం పూట. గేటు నన్ను వెనక నుంచి తోసింది. దొరసాని నిగనిగలాడుతూ ఉంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. శ్రీపతి గారు ఇంట్లో లేరు. నేను మేడమీదికి వెళ్ళి, స్విచ్చి దగ్గర నుంచి ఆ వైరు వెంట బయలుదేరాను. అది గోడ దిగింది, కిటికీ దాటింది, హాల్లోకి వచ్చింది, మెషిను పక్క నుంచే నడిచింది. దాన్ని పలకరించనైనా లేదు. నేరుగా వంటగదిలోకి పోయి, స్టవ్ పైన గోడకున్న ఒక జీరో బల్బు దగ్గర ఆగింది.

స్టవ్ ముందు సులోచనమ్మ గారు బీరకాయ చెక్కు తీస్తున్నారు. నన్ను, బల్బును మార్చి మార్చి చూశారు.

"తెలిసిందా?" అన్నారు.

"నీళ్ళు ఎట్ల మారుతున్నయమ్మా?"

"భజన ఆగమైనంక జాలీ కట్టిండు గద, అప్పటి సంది సక్కగైంది. పెరట్ల డ్రమ్ములకెల్లి దానంతట అదే మారుతున్నది."

"మరి పై డ్రమ్ము?"

"జామచెట్టుకు. నువ్వు ప్రెస్సుకు పోయినంక ఆయన పైపు పెట్టి వదుల్తడు."

ఏడాది పొడుగునా నేను ముక్కు పెట్టి, పరీక్షించి, ఒప్పుకుని పంపించిన నీళ్ళు జామచెట్టు తాగింది. మాసమ్మ బస్తీ నా వల్ల బాగుపడింది.

"ఈ బల్బెందుకు?"

"నువ్వు లేసినట్టు తెల్వద్దా? వెలిగితె చాయ్ పెట్టాలె."

ఏదో ఒకటి అనాలి కాబట్టి, "మీ చాయ్ చాలా బాగుంటుందమ్మా. ఏడాది నుంచి చెప్పనే లేదు," అన్నాను.

ఆమె బీరకాయ పక్కన పెట్టారు.

"నా చాయా? నేను ఏడు కొట్టకముందు ఎన్నడన్న లేసిన్నా? మా అత్తనే లేపలేకపొయ్యింది నన్ను."

"మరి?"

"ఆయన. నువ్వు లేవకముందే లేసి, గీడ స్టూలేసుకోని గా బల్బునే చూసుకుంట కూసుంటడు. వెలిగినంక పాలు పెడ్తడు. పొంగేదాక గిన్నె దగ్గర్నే నిలవడి చూస్తడు."

"గంట ఉంది గదా."

"నీ చాయ్ కాడ గంటను నమ్మడు," అన్నారు సులోచనమ్మ గారు. మళ్ళీ బీరకాయ తీసుకున్నారు. "నాకైతె పెండ్లయినకాడి నుంచి ఒక్క గ్లాసు మంచినీళ్ళు ముంచియ్యలె. నాకు గుడ ఒక బల్బు పెట్టుండ్రి అన్న."

"ఏమన్నారు?"

"వైరు సాల్తలేదన్నడు."

ఆ సాయంత్రం హాల్లోకి వెళితే, తొట్టి కింద నుంచి రెండు కాళ్ళు కనిపించాయి. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ముక్కు వచ్చిందా సార్?"

కాళ్ళు కదలడం మానేశాయి. "బొంబాయిల దొరుకుతలేదట," అన్నాయి చివరకు, జాగ్రత్తగా. "జర్మనీకి రాసిన. జర టైం పడుతది."

"పట్టనీయండి సార్. తొందరేం లేదు."

ఒక చెయ్యి బయటకు వచ్చి స్క్రూడ్రైవరు ఇచ్చింది. పట్టుకున్నాను. ఆ తర్వాత మేమిద్దరం ఆ విషయం ఎన్నడూ మాట్లాడుకోలేదు. నేను వాసన చూసేవాణ్ణి, నొక్కేవాణ్ణి. బుట్ట వచ్చేది. జర్మనీ వాళ్ళు చాలా ఆలస్యం చేశారు.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో శ్రీపతి గారు పోయారు. మధ్యాహ్నం భోజనం చేసి, తొట్టి ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఎవరినీ పిలవకుండా, ఎవరినీ ఏమీ అడగకుండా. ఆయన పద్ధతి అదే.

చుట్టాలు వచ్చారు. గేటు ఒక్కొక్కరినే లోపలికి తోసింది. దినాలు జరిగినన్నాళ్ళూ టైమరు తిరుగుతూనే ఉంది, దొరసాని నీళ్ళు వాటంతట అవే మారుతూనే ఉన్నాయి. దొరసాని మాత్రం ఒక పక్కకు పడుకుంది. వచ్చినవాళ్ళలో ఒకాయన ఇల్లంతా వేలాడుతున్న తీగలు చూసి, ఇవన్నీ పీకేస్తే ఇల్లు నీటుగా ఉంటుందని స్టూలు ఎక్కాడు. సులోచనమ్మ గారు గదిలోంచే, "దిగు. దేన్ని ముట్టకు," అన్నారు. ఆయన దిగాడు.

అందరూ వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున పాల సైకిలు వినపడింది. లేచాను. అన్ని రోజులూ స్విచ్చి జోలికి పోలేదు. మూత తీసి వాసన చూశాను. బాగుంది. జామచెట్టుకు పంపవచ్చు. స్విచ్చి దగ్గర కాసేపు నిలబడ్డాను. కింద స్టూలు మీద ఎవరూ లేరని తెలుసు. అయినా నా చేతికి అది అలవాటు. నొక్కింది.

ఏమీ జరగలేదు. పిట్టగోడ మీద కాకి వాలింది, ఎగిరిపోయింది. లోపలికి వెళ్ళి చొక్కా వేసుకుందామనుకున్నాను. అప్పుడు కింద వంటగదిలో గంట మోగింది. పాల గంట. ఆ వెంటనే గిన్నె కింద పెట్టిన చప్పుడు, ఎవరినో గట్టిగా తిడుతున్న గొంతు. తిట్టు ఆ గంట కనిపెట్టిన మనిషికి తగిలేలా ఉంది. ఇంకొంతసేపటికి మోటారు మూలిగింది. బుట్ట ఊగుతూ బయలుదేరి, సగం దారిలో గోడకు తట్టుకుని ఆగిపోయింది.

వంగి చూశాను. మోటారు దగ్గర సులోచనమ్మ గారు నిలబడి ఉన్నారు. జుట్టు ముడి వేసుకోలేదు. ఏడు కొట్టడానికి చాలా టైముంది.

"నేనే కిందికొస్తనమ్మా," అని తాడు పట్టుకోబోయాను.

"ముట్టకు," అన్నారు ఆమె, తల పైకెత్తి. "దానంతట అదే వస్తది."

వచ్చింది. గ్లాసులో సగం ఉంది. గ్లాసు ఎత్తకముందే, బుట్ట పిట్టగోడ దాటకముందే, పాలు మాడిన వాసన నాకు తెలిసిపోయింది. జర్మనీ నుంచి రావలసింది ఇప్పటికీ రాలేదుగాని, నా ముక్కు బాగానే పనిచేస్తోంది.